నీటిగుర్రం కోసం ఆఫ్రికా వెళ్తే: ఏ నీటి దగ్గర, ఏ నెలలో, ఏ వేళకి

ఆఫ్రికా సఫారీ ప్యాకేజీల్లో నీటిగుర్రానికి కేటాయించే వేళ దాదాపు అన్నిచోట్లా ఒకటే. పొద్దున్నే సింహాల కోసం తిప్పుతారు, సాయంత్రం చిరుతల కోసం తిప్పుతారు. మధ్యలో ఎండ నడినెత్తికొచ్చి మిగతా జంతువులన్నీ చెట్టునీడకి చేరాక, భోజనం డబ్బాలతో సహా ‘హిప్పో పూల్’ దగ్గర బండి ఆపుతారు. అక్కడ కనిపించేది పచ్చటి బురదనీళ్లలో ఒకదాన్నొకటి ఆనుకుని పడున్న నల్లటి వీపులు. పది నిమిషాలకి పిల్లలు ఫోన్లు తీస్తారు. పెద్దవాళ్లు వాసన భరించలేక బండెక్కేస్తారు. మనిషికి వందల డాలర్లు పోసి వచ్చినవాళ్లు ‘నీటిగుర్రమంటే ఇంతే, బండరాళ్ల గుట్ట’ అనుకుని ఇంటిదారి పడతారు.

ఇది మోసమే. ఆ జంతువు బతుకు రెండు పూటలది. పగలంతా నీళ్లలో, రాత్రంతా గడ్డిలో. మిట్టమధ్యాహ్నం దాన్ని చూసి ఒక అభిప్రాయానికి రావడం, నిద్రపోతున్న మనిషిని చూసి అతని పనితనం తేల్చినట్టు ఉంటుంది. అందుకే ఇక్కడ చెప్పే ప్రతి చోటునీ ఒకే ప్రశ్నతో తూచాలి: సాయంత్రం ఐదు నుంచి రాత్రి ఎనిమిది దాకా నీటిగుర్రం దగ్గర ఉండనిస్తారా, లేదా? అది కుదరకపోతే కనీసం పడవ మీద దాని కంటి ఎత్తుకి తీసుకెళ్తారా? రెండూ లేని చోట ఎంత పేరున్న పార్కైనా నీటిగుర్రం కోసం డబ్బు పెట్టడం దండగ.

పగలు అది నీళ్లు వదలకపోవడం బద్ధకం కాదు, చర్మం తెచ్చిన అవసరం. లోపలి చర్మం చాలా మందం, పై పొర మాత్రం బాగా పల్చన. పొడిగాలిలో ఆ పొర గుండా ఒంట్లో నీరు మిగతా జంతువులకంటే ఎన్నో రెట్లు వేగంగా ఆవిరవుతుంది. ఎండలో ఎక్కువసేపు నిలబడితే చర్మం పగులుతుంది. దానికి కాపు చర్మంలోని గ్రంథుల నుంచి ఊరే ఒక జిగట ద్రవం. ఊరినప్పుడు రంగు ఉండదు, కొద్ది నిమిషాల్లో ఎర్రబడుతుంది, ఆ తర్వాత గోధుమరంగుకి తిరుగుతుంది. ‘నీటిగుర్రానికి నెత్తురు చెమట పడుతుంది’ అన్న పాత మాట ఇక్కడినుంచే పుట్టింది. అది నెత్తురూ కాదు, చెమటా కాదు. 2004లో జపాన్ శాస్త్రవేత్తలు అందులో ఎర్రది ఒకటి, నారింజరంగుది ఒకటి, రెండు ఆమ్లాలు వేరు చేసి చూపించారు. రెండూ అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటాయి. ఎర్రది బాక్టీరియాను కూడా పెరగనివ్వదు. మగవి కొట్లాడుకుని ఒంటినిండా గాట్లతో అదే పేడనీళ్లలో రోజంతా నానినా పుండ్లు అంతగా చీము పట్టకపోవడానికి ఇదొక కారణం. మబ్బు పట్టిన రోజు ఒడ్డు మీద పడుకున్న జంతువుని బైనాక్యులర్స్‌లో చూస్తే మెడ మీద, చెవుల వెనక ఈ ఎరుపు స్పష్టంగా తెలుస్తుంది. కాబట్టి మబ్బు రోజులు పనికిరానివని బాధపడకండి. నీటిగుర్రం పగటిపూట మొత్తంగా ఒడ్డెక్కి కనిపించేది ఎక్కువగా అలాంటి రోజుల్లో, లేదా చలికాలంలోనే.

టాంజానియాలోని సెరెంగెటీ పార్కులో, నడిబొడ్డునున్న సెరోనెరాకి ఉత్తరాన ఉన్న రెటిమా కొలను ‘మధ్యాహ్నపు ఆగుడు’కి పెద్ద ఉదాహరణ. బండి దిగి ఎత్తైన ఒడ్డు మీద నిలబడి కిందకి చూడొచ్చు, అదొక్కటే దాని గొప్ప. ఎండాకాలంలో పదులూ వందలుగా అక్కడ ఇరుక్కుని ఉంటాయి. వాసన మాత్రం గొంతులోకి దిగుతుంది. ఆ వాసన ఎందుకో తెలిస్తే కొంత ఓర్చుకోవచ్చు. ఒక్కో నీటిగుర్రం రాత్రికి దాదాపు 40 కిలోల గడ్డి తిని, అందులో పెద్ద వంతు తెచ్చి నీళ్లలోనే వదులుతుంది. మారా నదిలో కెన్యా వైపు ఉన్న నాలుగు వేల పైచిలుకు నీటిగుర్రాలు రోజుకి సుమారు 36 టన్నుల పేడ నదిలో కలుపుతున్నాయని పరిశోధకులు లెక్కగట్టారు. ప్రవాహం ఉన్నంతకాలం అది చేపలకీ పురుగులకీ మేత. నీరు ఆగిపోయి మడుగైతే, పేడ కుళ్లి అడుగునీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. తర్వాత ఒక్క గట్టి వాన పడి ఆ మడుగు కిందకి తోసుకుపోతే, దిగువన చేపలు గుంపులుగా చచ్చి తేలతాయి. కొలను దగ్గర ముక్కు పట్టుకునే ముందు ఒకసారి ఆ నీటి రంగు చూడండి. గడ్డిమైదానంలోని పోషకాలు నదిలోకి చేరే దారి అదే.

సెరెంగెటీ ప్రవేశ రుసుము రద్దీ కాలంలో విదేశీ పెద్దవాళ్లకి 70 డాలర్లు, 18 శాతం వ్యాట్ కలిపితే 82.60. పార్కులోపల మామూలు టికెట్టు మీద రాత్రిపూట తిరగనివ్వరు. అంటే నీటిగుర్రాలు గట్టెక్కే వేళకి మీరు క్యాంపులో ఉంటారు. సెరెంగెటీకి వెళ్లకండని కాదు. వలస మందల కోసం, సింహాలు, చిరుతల కోసం వెళ్లండి, రెటిమాని పొద్దున ఆరున్నర ఏడు మధ్య మొదటి ఆగుడుగా పెట్టించండి. ఆ వేళకి మేతనుంచి ఆలస్యంగా తిరిగొచ్చేవి ఇంకా ఒడ్డున ఉంటాయి, చోటు కోసం అరుపులూ తోపులాటలూ అప్పుడే. బయల్దేరే ముందు రాత్రే గైడుకి చెప్పాలి, పొద్దున్న బండిలో కూర్చున్నాక చెబితే దారి మారదు.

టాంజానియాలోనే ఉన్న ఎంగోరొంగోరో అగ్నిపర్వత బిలం సంగతి రెండు ముక్కల్లో: కిందకి దిగినందుకు బండికి 295 డాలర్లు (వ్యాట్‌తో), మనిషికి ప్రవేశం వేరే. ఎంగోయిటోకిటోక్ ఊట దగ్గర భోజనానికి ఆగుతారు, కొలనులో నీటిగుర్రాలు దూరంగా కనిపిస్తాయి, గద్దలు చేతిలోని తిండి తన్నుకుపోతాయి. ఖడ్గమృగం కోసమైతే ఆ ఖర్చు సబబే. నీటిగుర్రం కోసం కాదు.

కెన్యాలోని మసాయి మారా రిజర్వు లెక్క ఇంకా కఠినం. 2024 నుంచి విదేశీయులకి జనవరి–జూన్‌లో రోజుకి 100 డాలర్లు, జూలై–డిసెంబర్‌లో 200. టికెట్టు పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకానే. రిజర్వు లోపల రాత్రి తిరుగుడు లేదు. నీటిగుర్రం పని మొదలయ్యేది సాయంత్రం ఆరున్నరకి, మీ టికెట్టు చెల్లిపోయేది ఆరుకి. ఇరుగుపొరుగున ఉన్న కన్సర్వెన్సీలలో (స్థానికుల భూముల్లోని రక్షిత ప్రాంతాలు) బస చేస్తే రాత్రి డ్రైవ్ దొరుకుతుంది, కాని అక్కడ బస ధర ఎక్కువ. నదీతీరాన రేంజర్ వెంట నడిచే అవకాశం ఉన్నచోట వదులుకోకండి. పై ఒడ్డు నుంచి మగ నీటిగుర్రం హద్దు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కళ్లారా తెలుస్తుంది.

ఈ హద్దు గురించి గైడ్లు సగమే చెబుతారు. మగది కాపలా కాసేది నేలని కాదు, నీటిని. నదిలో ఒక ముక్క, ఒడ్డులో దానికి ఆనుకున్న ఒక అంచు. ఆ ముక్కలో ఆడవి, పిల్లలు, తలవంచుకుని ఉండే చిన్న మగవి ఉండొచ్చు. తలెత్తిన మగది వస్తేనే పోరు. రాత్రి గడ్డిలో ఆ పెత్తనమేమీ లేదు, ఎవరి మేత వారిది. అక్కడ తల్లీపిల్లలు తప్ప ఒకరి పక్కన ఒకరు మేయరు. హద్దు గుర్తు పెట్టే తీరు దగ్గర్నుంచి చూస్తే మర్చిపోలేరు. ఒడ్డుకి వెనక్కి తిరిగి, బల్లపరుపుగా ఉన్న పొట్టి తోకని విసనకర్రలా టపటపా కొడుతూ పేడ వదులుతుంది. అది పొదల మీదా, చెట్టు మొదళ్ల మీదా, రెండు మూడు మీటర్ల దాకా చిమ్ముతుంది. నది పక్కన దారిలో నడుస్తుంటే మోకాలి ఎత్తున ఆకుల మీద ఎండిన పేడ పూత కనబడితే, మీరు ఒక మగదాని గడపలో ఉన్నట్టు. 2022లో వెలువడిన ఒక పరిశోధన కోసం మొజాంబిక్‌లోని మపుటో రిజర్వులో రికార్డు చేసిన అరుపులు వినిపించి పరీక్షించారు. ఇరుగుపొరుగు గొంతుకంటే పరాయి గుంపు గొంతు వినగానే ఎక్కువ పేడ చిమ్మాయి. గొంతుని బట్టి తమవాళ్లెవరో పరాయెవరో పోల్చుకుంటాయన్నమాట.

కెన్యాలో నైవాషా సరస్సు చౌక, దగ్గర. నైరోబీ నుంచి రోడ్డు మీద తొంభై కిలోమీటర్లు, మంచినీటి సరస్సు, గంట పడవ. కుటుంబాలు ఎక్కువగా వచ్చేది ఇక్కడికే, బాధపడేదీ ఇక్కడే. ముందు పడవ సంగతి. రేవుల్లో ధర బేరం మీద నడుస్తుంది. ‘పడవకా, మనిషికా’, ‘గంటకా, ఒక చుట్టుకా’ అన్న రెండు ప్రశ్నలు లైఫ్‌జాకెట్ తొడుక్కునే ముందే తేల్చుకోవాలి. దిగాక తేలిస్తే రెట్టింపవుతుంది. అసలు గొడవ ధర కాదు, దగ్గరితనం. ఫొటో బాగా వస్తే బక్షీసు బాగా వస్తుందని పడవవాడు గుంపు మీదకి పోనిస్తాడు. గుంపు ఒక్కసారిగా మునిగిపోతుంది, అందరూ కేరింతలు కొడతారు. అప్పుడే భయపడాలి. మునిగిన నీటిగుర్రం మూడు నుంచి ఐదు నిమిషాలు కింద ఉండగలదు, అడుగున నడుస్తూ వస్తుంది. అది ఈదదు, తేలదు. కాళ్లతో నేలని తన్నుకుంటూ దూకుతూ సాగుతుంది. పైకి కనిపించేదల్లా బుడగల బారు, లేదా నీటి మీద మీ వైపు తిరిగిన విల్లులాంటి అల. ఆ అల కనిపిస్తే పడవ లోతు నుంచి పక్కకి తిరిగి వేగంగా తప్పుకోవాలి. మంచి పడవవాడు మొదట్లోనే కనీసం యాభై మీటర్ల ఎడం పెడతాడు, ఇంజను ఆపడు, నెమ్మదిగా తిప్పుతుంటాడు. ముఖ్యంగా వాటికీ లోతునీళ్లకీ మధ్యలోకి పోడు. ‘ఇంకా దగ్గరికి తీసుకెళ్లగలవా’ అని మీరే అడిగి చూడండి. ‘వద్దు’ అన్నవాడి పడవే ఎక్కండి.

ఒడ్డు సంగతి ఇంకా ముఖ్యం. 2019 చివర్నుంచి కెన్యాలోని రిఫ్టు లోయ (తూర్పు ఆఫ్రికాని చీలుస్తూ పోయే పొడవాటి పల్లం) సరస్సులు బాగా పొంగాయి. నైవాషా అంచున ఉన్న గడ్డినేల నీళ్లలో మునిగింది. ఆ గడ్డే నీటిగుర్రాల రాత్రి మేత. మేత పోయాక అవి పొలాల్లోకి, లాడ్జిల పచ్చికలోకి రావడం పెరిగింది. అంతకుముందే, 2018 ఆగస్టులో, ఒడ్డున ఫొటో తీస్తున్న తైవాన్ యాత్రికుడు ఒకరు ఇక్కడే నీటిగుర్రం దాడిలో చనిపోయారు. పచ్చికకీ నీటికీ మధ్య సన్నటి కరెంటు తీగ కట్టిన బసలు చాలా ఉన్నాయి. గది తీసుకునేటప్పుడు ‘కంచె ఉందా’ అని కాదు, ‘కంచెకి ఎన్నింటికి కరెంటు పెడతారు, కరెంటు పోతే జనరేటరు మీద నడుస్తుందా’ అని అడగండి. భోజనశాల నుంచి గదికి దారి కంచె బయట పడితే, చీకటి పడ్డాక కాపలాదారు వెంట వస్తాడా అన్నది కూడా. ఆ ప్రశ్నలకి రిసెప్షనులో నీళ్లు నమిలితే బస మార్చండి. పచ్చిక మీద పేడకుప్పలు కనబడుతుంటే ‘పాతవి సార్’ అనే మాట నమ్మకండి. రాత్రి వదిలినది పొద్దునకి ఇంకా తడిగా, నార విడిపోయి, పచ్చగా ఉంటుంది.

త్సావో వెస్ట్‌లోని మ్‌జిమా ఊటలకి ఒక పూట చాలు. చ్యూలు కొండల లావా నేలలోంచి వడిసి వచ్చే నీరు అద్దంలా తేటగా ఉంటుంది, ఒడ్డున నీటి అడుగు దృశ్యం చూడటానికి గాజు కిటికీల గది కట్టారు. అదృష్టం బాగుంటే లేబియో జాతి చేపలు నీటిగుర్రం ఒంటి మీద పాచి గీకి తినడం కనబడుతుంది. కిటికీ ముందు చేపలు మాత్రమే తిరిగే రోజులే ఎక్కువ, అంత ఆశ పెట్టుకుని పోవద్దు.

ఇక సంతోషంగా చెప్పే చోట్లు. ఉగాండాలో క్వీన్ ఎలిజబెత్ పార్కు నడుమ, జార్జ్ సరస్సుని ఎడ్వర్డ్ సరస్సుతో కలిపే కజింగా కాలువ. పొడవు సుమారు 32 కిలోమీటర్లు. మ్వేయా రేవు నుంచి రెండు గంటల పడవ. భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఏడాది పొడవునా పొద్దు ఏడుకి అటూ ఇటుగా గుంకుతుంది, అంచనా తప్పదు. రోజుకి కొన్ని పడవలు వెళ్తాయి, అందులో చివరిది తీసుకోండి. ఎండ వాలేకొద్దీ ఏనుగులు, అడవిదున్నలు నీటికి దిగుతాయి. నీటిగుర్రాల ఆవలింతలు కూడా అప్పుడే ఎక్కువవుతాయి. ఎక్కే ముందు పడవ ఏ గట్టు వెంట పోతుందో అడిగి ఆ పక్కనే కూర్చోండి. తిరుగుదారిలో నడి కాలువలో వేగంగా వచ్చేస్తారు, కాబట్టి వెళ్లేటప్పటి పక్కే లెక్క.

ఆ ఆవలింత నిద్రది కాదు. కింది దవడ దాదాపు 150 డిగ్రీలు తెరుచుకుంటుంది. లోపల గులాబీ మాంసం, కింద రెండు వంకర కోరలు, వాటి మధ్య ముందుకు పొడుచుకొచ్చిన మేకుల్లాంటి పళ్లు. కోరలు అరమీటరు దాకా పెరుగుతాయి, పై కోరలతో రాచుకుని ఉలిలా పదునెక్కుతాయి. మేతకి వీటితో పనే లేదు, అది పెదవులతోనే తెంపుతుంది. ఇవి పోట్లాటకి, బెదిరింపుకి. ఆవలింత ఒక్కటితో ఆగదు. ఒకటి చూశాక కెమెరా దించకండి, నిమిషంలోపల రెండోది, మూడోది వస్తాయి, పక్క మగది కూడా బదులు ఆవలిస్తుంది. షట్టరు సెకనుకి వెయ్యో వంతు, 300 నుంచి 400 ఎంఎం లెన్సు, మోచేతులు పడవ అంచు మీద ఆనించి. పడవ వైపే తిరిగి వరుసగా నోరు తెరుస్తుంటే మాత్రం అది మీకే చెబుతున్న మాట, తప్పుకోమని.

మ్వేయాలో బస కూడా ఈ యాత్రలో భాగమే. ఖరీదైన లాడ్జితో పాటు తక్కువ ధర గదులూ ఉన్నాయి. రెండింటి పచ్చిక మీదికీ రాత్రి నీటిగుర్రాలు మేతకొస్తాయి. తక్కువ ధర గదిలో పడుకున్నవాళ్లకి కూడా కిటికీ అవతల అదే శబ్దం: పరపర చింపినట్టు గడ్డి తెగడం, మధ్యలో బరువైన ఊపిరి. పెదవులు అరమీటరు వెడల్పు, ఒక్కో పట్టుకి ఒక పిడికెడు కాదు, ఒక చాపంత గడ్డి పొట్టిగా లేచిపోతుంది. ఇవి రోజూ మేసే చోట పచ్చిక కోత యంత్రం పెట్టినట్టు సమంగా ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడ సంఖ్య మరీ పెరిగి నేల గొరిగినట్టయితే, 1950ల చివర్నుంచి పార్కువాళ్లే కాల్చి తగ్గించారు. 2004–05లో మనుషులకీ అంటే ఆంత్రాక్స్ రోగం సోకి దాదాపు 300 చనిపోయాయి. ఒడ్డున చచ్చిన జంతువు కనబడితే దగ్గరికి పోవద్దని రేంజర్లు గట్టిగా చెప్పేది అందుకే, వాళ్లతో వాదించకండి. సరిహద్దుకి అవతల కాంగోలో విరుంగా పార్కులో 1970ల్లో ఇరవై వేల పైన ఉన్నవి, మాంసం కోసం, కోరల కోసం కాల్చేయగా 2000ల మధ్యకి వెయ్యిలోపుకి పడిపోయాయి. అదే సరస్సు, రెండు దేశాలు. ఎడ్వర్డ్ సరస్సు ఒడ్డున నిలబడి అవతలి గట్టు చూస్తే ఈ లెక్క మనసుని పట్టుకుంటుంది. మొత్తం ఆఫ్రికాలో ఇప్పుడున్నవి 1,15,000 నుంచి 1,30,000 మధ్య అని అంచనా. 2006 నుంచి ముప్పున్న జాతుల జాబితాలో ఉంది.

కెన్యా, ఉగాండా రెండూ చూసేవాళ్లు 100 డాలర్ల తూర్పు ఆఫ్రికా వీసా తీసుకుంటే తొంభై రోజులు రువాండాతో కలిపి మూడు దేశాల్లో తిరగొచ్చు. టాంజానియా అందులో లేదు. మర్చిసన్ జలపాతం దగ్గర పారా నుంచి నైలు మీద పడవ కూడా బాగుంటుంది. కాని జలపాతం చేరాలన్న తొందరలో నీటిగుర్రాల దగ్గర నిలపరు. రెండిట్లో ఒకటే కుదిరితే కజింగా.

అన్నిటికంటే పైన పెట్టేది జాంబియాలోని సౌత్ లువాంగ్వా. కారణం ఒక్కటే, అక్కడి నియమం: రాత్రి ఎనిమిది దాకా స్పాట్‌లైటుతో పార్కులో తిరగొచ్చు. పగలు తుపాకీ ఉన్న స్కౌటు వెంట కాలినడకన వెళ్లొచ్చు. నడక సఫారీలకి పుట్టిల్లు ఈ లోయే. నది అక్టోబరు కల్లా ఎండి పాయలుగా, మడుగులుగా మిగులుతుంది. నీటిగుర్రాలన్నీ వాటిల్లో కిక్కిరిసిపోతాయి. నెలల ఎంపికే ఇక్కడ ఖర్చు ఫలితాన్ని తేలుస్తుంది. జూన్, జూలైలో చలి, నీళ్లు ఎక్కువ, ఇసుకతిన్నెల మీద ఎండకాగే గుంపులు పగలే పూర్తి ఒళ్లుతో కనిపిస్తాయి. పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇదే మంచిది. సెప్టెంబరు చివర, అక్టోబరులో వేడి నలభై డిగ్రీలు దాటుతుంది, ఫ్యాను ఉన్నా టెంటులో మధ్యాహ్నం పడుకోలేరు, వెంట వచ్చిన పెద్దవాళ్లు చిరచిరలాడతారు. కాని పోరాటాలు, ఆకలి, గుంపుల ఒత్తిడి, అన్నీ బయటపడేది అప్పుడే. నవంబరులో వానలు మొదలయ్యాక అడవి లోపలుండే చాలా బుష్ క్యాంపులు మూసేస్తారు.

ఇక్కడి పాత నదీపాయల్లో అంతరతామర అనే తేలే మొక్క ఒత్తుగా కప్పుకుని ఉంటుంది. పైనుంచి చూస్తే పచ్చిక బయలు. కాసేపటికి ఆ పచ్చదనంలో ఒక దిబ్బ లేస్తుంది, దిబ్బకి రెండు చెవులు గిర్రున తిరుగుతాయి, ముక్కుపుటాలు తెరుచుకుని బుస్సుమంటుంది. తల మీద, వీపు మీద అంతరతామర మొక్కలు వేర్లతో సహా వేలాడుతుంటే అలాగే మనవైపు చూస్తుంది. కళ్లు, చెవులు, ముక్కు మూడూ తల పైభాగాన ఒకే మట్టంలో ఎందుకున్నాయో అప్పుడు అర్థమవుతుంది. ఒళ్లంతా దాచుకుని లోకాన్ని గమనించడానికి అంతకంటే చక్కటి అమరిక లేదు.

సాయంత్రం డ్రైవ్‌లో గైడుకి ఒకటే కోరండి: సూర్యుడు దిగే వేళకి వాడకంలో ఉన్న ‘హిప్పో దారి’ ఒకటి చూసి, దానికి పక్కగా, దాన్ని అడ్డుకోకుండా, ఇంజను ఆపి ఉండమని. ఆ దారి పోల్చుకోవడం తేలిక. రెండు సమాంతర గాడులు, మధ్యలో గడ్డి మొలిచిన గట్టు, బండి చక్రాల జాడలా. కాళ్లు దూరదూరంగా ఉంటాయి కనుక అలా పడుతుంది. అడుగుజాడలో నాలుగు వేళ్లు విడివిడిగా తెలుస్తాయి. చీకటి పడే ముందు నీళ్లలో గుర్రు, గురక, నవ్వులాంటి గొలుసు అరుపు ఒకటి మొదలుపెడితే నది పొడవునా అందుకుంటాయి. తర్వాత ఒక తల్లి ఒడ్డెక్కుతుంది. నీళ్లు కారుతూ, ఒంటి మీద ఆ ఎర్ర జిగట మెరుస్తూ, పిల్ల దాని మెడ పక్కనే. టన్నుంపావు, టన్నున్నర జంతువు అడుగు వేస్తే చప్పుడు రాదు, అది ఎవరినైనా ఆశ్చర్యపరుస్తుంది. స్పాట్‌లైటు తిన్నగా కళ్లలో వేయనివ్వకండి. కాంతి అంచుతో చూడమనండి, లేదా ఎర్ర ఫిల్టరు వేయమనండి. కళ్లు చెదిరితే మేత మానేసి నీటికి పరుగెడుతుంది, ఆ పరుగు దారిలో మీ బండి ఉండకూడదు. గంటకి ముప్పై కిలోమీటర్ల వేగం. 2024లో బ్రిటన్ పరిశోధకులు వీడియోలు ఫ్రేము ఫ్రేముగా పరిశీలించి, పరుగు ఊపందుకున్నప్పుడు నాలుగు కాళ్లూ సెకనులో దాదాపు మూడో వంతు సేపు దాకా గాల్లోనే ఉంటాయని తేల్చారు.

నడకలో తప్పులు ఎక్కువగా జరిగేది పొద్దున ఏడు లోపల. మేతనుంచి ఆలస్యమైన జంతువు పొదల్లో ఉంటుంది, దానికి కావలసింది నీళ్లు, మధ్యలో మనుషులు. అందుకే తెలిసిన స్కౌటు మొదటి గంట నది అంచున నడిపించడు, పొదలకి ఎడంగా లోపలి నేల మీద నడిపిస్తాడు. ‘నది పక్కన పోదాం, ఫొటోలు బాగుంటాయి’ అని పట్టుబట్టే యాత్రికుల వల్లే చిక్కులొస్తాయి. ఎదురుపడితే అరవకూడదు, నీటి వైపు పరుగెత్తకూడదు. దాని దారి వదిలి పక్కకి, పెద్ద చెట్టు మొదలు లేదా చీమలపుట్ట వెనక్కి. దానికి మీతో పగ లేదు, లోతు చేరాలి, అంతే.

డబ్బు, ఓపిక రెండూ ఉన్నవాళ్లకి టాంజానియా పడమట కటావి. అక్టోబరులో కటూమా నది బురదకుంటలుగా మారితే ఒక్కో కుంటలో వందలు. మగవి రక్తాలు కారేలా కొట్టుకుంటాయి, ఇరుకులో పిల్లలు నలిగి చస్తాయి, కొన్నిటిని పెద్ద మగవి చంపుతాయి. ఈనడానికి తల్లి గుంపుకి దూరంగా ఎందుకు పోతుందో, ఎనిమిది నెలలు మోసి కన్న పాతిక యాభై కిలోల కూనని రోజుల తరబడి గుంపులో ఎందుకు కలపదో అక్కడ చూస్తే తెలుస్తుంది. చిన్నపిల్లలు తట్టుకునే దృశ్యం కాదు. విమానాలు తక్కువ, క్యాంపులు తక్కువ, ఒక విమానం రద్దయితే రెండు మూడు రోజులు పోతాయి. ముందు వెనక రోజులు ఖాళీ ఉంచుకోండి.

జాంబెజీ నది దిగువన కనూ (సన్నటి తెడ్డు పడవ) ప్రయాణం చేసేవాళ్లకి ఒక్క సూచన. గైడు తెడ్డుతో కనూ అంచు మీద టకటకా కొడుతుంటే ఆపమనకండి. అడుగున ఉన్నవాటికి మనం వస్తున్నామని తెలిపే పద్ధతి అది. కనూ లోతులేని గట్టు పక్కన పోవాలి, లోతు వాటికి వదిలేయాలి. ఈ రెండూ చెప్పకుండా లైఫ్‌జాకెట్ ఇచ్చి ఎక్కించేవాళ్లతో వెళ్లొద్దు.

తక్కువ ఖర్చులో, ముసలివాళ్లతో, పసిపిల్లలతో చూడాలంటే దక్షిణాఫ్రికాలోని సెయింట్ లూసియా ఊరు. 1999లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన చిత్తడినేల అది. రెండు గంటల పడవ నిదానంగా, మర్యాదగా నడుస్తుంది. రాత్రి నీటిగుర్రాలు ఊరి వీధుల్లోకే వచ్చి ఇళ్ల ముందు పచ్చిక మేస్తాయి, రోడ్డు మీద హెచ్చరిక బోర్డులు ఉన్నాయి. భోజనానికి నడిచి వెళ్లినా, చీకటి పడ్డాక కారు మాట్లాడుకుని తిరిగి రండి. కారులోంచే చూడండి, హెడ్‌లైట్లు తగ్గించి, జంతువుకి రెండు పక్కలా దారి వదిలి. వీధిలో కనిపించింది కాబట్టి సాధువనుకుని దిగి సెల్ఫీకి పోయేవాళ్లు ప్రతి సీజనులోనూ ఉంటారు. అదే జంతువు, అవే కోరలు.

టెంటు వేసుకునేవాళ్లు ఎక్కడైనా సరే, వెలుగుండగానే చుట్టూ వంద మీటర్లు నడిచి ఆ రెండు గాడుల హిప్పో దారి ఉందేమో చూడండి. ఉంటే చోటు మార్చండి. నీటిగుర్రం మామూలుగా టెంటుని చుట్టి పోతుంది, తొక్కదు. కాని దూరంగా లాగి కట్టిన తాళ్లు చీకట్లో దాని కాళ్లకి తగులుతాయి. తాళ్లు దగ్గరికి లాగి కట్టండి, చివర్లకి తెల్లగుడ్డ చుట్టండి. పక్కమీదకి చేరేముందే బాత్రూము పని ముగించుకోండి. రాత్రి టెంటు పక్కన ఆ చింపే శబ్దం వినబడితే జిప్పు తీయకండి, టార్చి వెలిగించకండి, దగ్గు వచ్చినా ఆపుకోండి. మేసుకుంటూ పావుగంటలో దాటిపోతుంది.